ఇంటిపేరు మారిన పురుగు



పోయిన పీటీఎంలో క్లాస్ టీచర్ గారు ఈ పేజీకి ఏదైనా రాయమని అడిగారు. ఇక్కడ మామూలుగా ఏం వస్తాయో మీకూ తెలుసు. పరీక్షల ముందు పిల్లల నిద్ర, ఫోన్ చేతికి ఎంతసేపు ఇవ్వాలి, టిఫిన్ బాక్సులో ఏం పెట్టాలి. అవి నాకన్నా బాగా రాసేవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. నేను రాయగలిగింది ఒక పురుగు గురించి. దాని విషయంలో నేను పడిన తొందర గురించి కూడా రాయాలి. అది చెప్పకుండా పురుగు గురించి మాత్రమే రాస్తే మా అమ్మాయి ఒప్పుకోదు.

మాది హైదరాబాద్‌లో సొంత ఇల్లు. మిద్దె మీద ముప్పై దాకా కుండీలు, ఒక మూలన నీలం రంగు డ్రమ్ము ఉన్నాయి. మిద్దెతోట మా ఆవిడది. డ్రమ్ము మాత్రం ఏడో తరగతి చదివే మా అమ్మాయిది. కూరగాయల తొక్కలు, ఎండుటాకులు, కాచిన టీపొడి అందులో వేసి, కర్రతో కలిపి, మూత పెట్టడం పాప పని. మొదట్లో ముక్కు మూసుకుని చేసేది. తర్వాత గంటలు గంటలు అక్కడే ఉండటం మొదలుపెట్టింది. చదువు పాడవుతోందని నేను గొణిగిన రోజులూ ఉన్నాయి.

జులైలో మా నాన్న ఊరి నుంచి వచ్చారు. మాది అనంతపురం జిల్లా. ఆయన ముప్పై ఏళ్ళకు పైగా వేరుశనగ పండించారు. ఒక ఆదివారం పొద్దున పాప ఫౌండేషన్ క్లాసుకు వెళ్ళింది. కుండీలకు ఎరువు వేద్దామని నేను డ్రమ్ము సగం పట్టా మీద కుమ్మరించాను. నల్లటి ఎరువులో తెల్లగా, బొద్దుగా, ఇంగ్లీషు 'సి' అక్షరంలా ముడుచుకుని పురుగులు కనిపించాయి. ఒక్కొక్కటి చిటికెన వేలంత ఉంది. తల మాత్రం గోధుమరంగు. నాన్న వంగి చూసి ఒక్కసారిగా వెనక్కి జరిగారు.

"వేరుపురుగు రా ఇది. కుండీల్లోకి పోయిందంటే ఒక్క చెట్టూ మిగలదు. నీళ్ళు సలసలా కాగబెట్టి పొయ్యి."

పల్లెలో వ్యవసాయం చూసినవాళ్ళకు ఆ మాట బరువు తెలుస్తుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. తొలకరి పడగానే చీకటివేళ గోధుమరంగు పెంకుపురుగులు నేలలోంచి లేచి వేపచెట్ల మీద, రేగుచెట్ల మీద వాలతాయి. ఆకు తిని, మళ్ళీ మట్టిలోకి దిగి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లలోంచి వచ్చే తెల్లపురుగు వేరుశనగ వేళ్ళు కొరికేస్తుంది. పైకి చెట్టు రెండ్రోజులు వాడినట్టు కనిపిస్తుంది. పట్టుకుని లాగితే వేరు లేకుండా చేతిలోకి వచ్చేస్తుంది. నా చిన్నప్పుడు ఒక ఏడాది మా చేనులో సాళ్ళకు సాళ్ళు అలా పోయాయి. ఆ ఏడు మా అక్క చదువు ఆగిపోయింది. కాబట్టి ఆ తెల్లపురుగును చూసి నాన్న వెనక్కి జరగడం చాదస్తం కాదు. నేనూ మరో మాట అడగలేదు. నీళ్ళు కాగబెట్టి పోశాను.

మధ్యాహ్నం పాప వచ్చింది, పట్టా చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లోపలికి వెళ్ళి ఒక నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. నెల రోజులుగా డ్రమ్ములోని పురుగులు లెక్కపెట్టి రాసుకుంటోందట. చివరి లెక్క 23. డ్రమ్ము అడుగున మిగిలిన ఎరువు చేత్తో తవ్వి చూసింది. తొమ్మిది దొరికాయి. 23 కొట్టేసి, పక్కన 9 అని రాసి, నన్ను ఒక్కటే అడిగింది.

"ఏ పురుగో చూసి చంపావా నాన్నా, చూడకుండానే చంపావా?"

జవాబు మీకు తెలుసు కదా. పైగా నేను దబాయించాను కూడా. "ఏ పురుగైతే ఏంటమ్మా, ఇదంతా సిలబస్‌లో ఉందా?" అన్నాను. ఆ మాట ఇక్కడ రాయడానికి ఇబ్బందిగానే ఉంది.

సాయంత్రం దాకా మాట్లాడలేదు. చీకటి పడే ముందు పాత న్యూస్‌పేపరు వరండాలో పరిచి, తొమ్మిదింటిలో ఒకదాన్ని దాని మీద పెట్టి, "తాతా, ఒకసారి రా" అని పిలిచింది. నాన్న వెళ్ళారు. వెనకాల నేనూ వెళ్ళాను.

పురుగు కాసేపు ముడుచుకునే ఉంది. తర్వాత మెల్లగా సాగింది. సాగి వెల్లకిలా తిరిగింది. కాళ్ళు ఆకాశంలోకి పెట్టి, వీపు మీద, బస్సెక్కడానికి ఆలస్యమైనట్టు గబగబా పాకుతూ పేపరు దాటిపోయింది. పాప దాన్ని తిప్పి బోర్లా పెట్టింది. మళ్ళీ వెల్లకిలా పడి అలాగే పోయింది.

"ఇదేందిరా, ఎల్లకిల పడి పోతాంది?" అన్నారు నాన్న.

"నువ్వు చేనులో చూసిన పురుగు ఇలా నడిచేదా తాతా?"

నాన్న చాలాసేపు ఆలోచించారు. "లేదు పాపా. అది కాళ్ళతోనే ఈడ్చుకుంటా పొయ్యేది."

పాప లైబ్రరీ పుస్తకంలో చదివింది ఇదే. ఎరువులో బతికే పూలపురుగుల పిల్లలు వీపు మీద నడుస్తాయి. ఆరు కాళ్ళూ ఉంటాయి కానీ ఆ లావు ఒంటికి చాలనంత చిన్నవి. వీపు మీది ముడతలు, వాటి మీది బిరుసు వెంట్రుకలే వాటికి పాదాలు. పచ్చి వేళ్ళ జోలికి అవి రావు. కుళ్ళిన ఆకు, చివికిన కట్టె, పాత పేడ తిని, ఇంకా మెత్తటి ఎరువుగా వదులుతాయి. అంటే నేను వేడినీళ్ళు పోసి చంపిన ఆ పద్నాలుగూ మా ఇంట్లో జీతం లేకుండా పనిచేస్తున్నవే.

మీ ఇంట్లో కుండీలుంటే ఈ పరీక్ష మీరూ చేయవచ్చు. ఒక జాగ్రత్త. ఎరువు దిబ్బల్లో కొబ్బరిచెట్టును తొలిచే కొమ్ముపురుగు పిల్లలు కూడా పెరుగుతాయి. అవి ఇంకా లావుగా, బొటనవేలికన్నా పెద్దగా ఉంటాయి. వీపు మీద నడవవు.

ఇక్కడి నుంచి పాపకన్నా నాకే ఆసక్తి ఎక్కువైంది. రాత్రి అన్నాలయ్యాక ఇద్దరం కూర్చుని చదివాం. వేరుపురుగు, కొమ్ముపురుగు, మనందరికీ తెలిసిన పేడపురుగు, ఈ పూలపురుగు... నాలుగూ ఒకే కుటుంబానికి చెందినవట. ఆ కుటుంబం పేరు స్కారబేయిడే. వీటి మీసాల కొసలు చిన్న చిన్న రేకుల్లాగా ఉంటాయి. వాసన పట్టాలంటే ఆ రేకులు విసనకర్రలా విచ్చుకుంటాయి. పిల్ల పురుగులన్నీ తెల్లగా, 'సి' ఆకారంలోనే ఉంటాయి. కాబట్టి మా నాన్న పొరబడటంలో వింతేమీ లేదు. ఆయన దాయాదిని చూసి దొంగ అనుకున్నారు.

ఆయనకన్నా పెద్దవాళ్ళూ వీటిని ఒకే గంపలో వేశారు. జీవులకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో అచ్చువేసిన పుస్తకంలో పేడపురుగు, కొమ్ముపురుగు, యూరప్‌లో వేళ్ళు తినే పురుగు, అక్కడి గులాబీల మీద వాలే పచ్చటి పూలపురుగు, అన్నింటికీ ఇంటిపేరు ఒక్కటే. స్కారబేయస్.

ఇంటిపేరు అని ఊరికే అనలేదు. పాపకు ఈ రెండు మాటల పేర్లు స్కూల్లో చెప్పారు కానీ ఏది ప్రజాతో ఏది జాతో ఎప్పుడూ తికమకపడేది. మన తెలుగువాళ్ళకు ఇది అసలు కష్టం కాకూడదు. మన పేరులో ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. పురుగు పేరూ అంతే. మొదటి మాట ఇంటిపేరు, రెండోది దాని సొంత పేరు. ఇంగ్లీషువాళ్ళే పాపం తిరగేసి గుర్తుపెట్టుకోవాలి. ఇలా చెప్పాక పాప మళ్ళీ తప్పు చెప్పలేదు. మీ పిల్లలకూ చెప్పి చూడండి.

లినేయస్ దగ్గర రెండేళ్ళు చదువుకున్న ఫాబ్రిషియస్ అనే డెన్మార్క్ ఆయన ఆ పెద్ద ఉమ్మడి కుటుంబాన్ని వేరు కాపురాలు పెట్టించాడు. ఆయన చూసింది రంగు కాదు, సైజు కాదు. పురుగు నోరు. ఏది తింటుందో దాన్ని బట్టి నోటి భాగాలుంటాయి కాబట్టి వాటిని బట్టి వరసలు తేల్చవచ్చు అన్నాడు. పూలపురుగు నోట్లో కుంచెలాంటి వెంట్రుకలుంటాయి, పుప్పొడి ఊడ్చుకోవడానికి. ఆకు తినే పురుగు దవడలు గట్టివి. 1775లో వచ్చిన ఆయన పుస్తకంలో పూలపురుగులకు సెటోనియా అని, వేళ్ళు తినే పురుగుల బంధువులకు మెలొలాంథా అని రెండు కొత్త ఇంటిపేర్లు పడ్డాయి. మా పాప న్యూస్‌పేపరు మీద చేసిన పని అదే. కాకపోతే ఆయన నోరు చూశాడు, ఇది నడక చూసింది.

ఫాబ్రిషియస్‌కు మన దేశపు పురుగులు పంపినవాళ్ళలో కోనిగ్ అనే డాక్టరు ఒకరు. ఆయనా లినేయస్ శిష్యుడే. తమిళనాడు తీరంలో అప్పట్లో డెన్మార్క్ వాళ్ళ చేతిలో ఉన్న తరంగంబాడిలో ఉద్యోగం చేశాడు. 1785లో విరేచనాల జబ్బుతో ఆయన చనిపోయింది ఎక్కడో తెలుసా? మన కాకినాడ జగన్నాథపురంలో. మా ఆవిడ పుట్టిల్లు కాకినాడ. "ఇన్నేళ్ళలో మాకెవరూ చెప్పలేదే" అంది.

సరే, మళ్ళీ మా డ్రమ్ము దగ్గరికి వస్తాను. నడక చూసి ఇవి పూలపురుగులని తెలిసింది కానీ వాటిలో ఏ పురుగో తెలియలేదు. పిల్లదశలో చూసి అంతకన్నా చెప్పడం మాలాంటివాళ్ళకు కష్టం. పెద్దయ్యేదాకా ఆగాలి. పాప ఆరింటిని డ్రమ్ములోనే వదిలేసి, మూడింటిని వెడల్పు మూతి సీసాలో ఎరువు నింపి పెట్టింది. మూతకు చిల్లులు పొడిచింది. సీసా మీద చీటీ అంటించింది: "ఇంటిపేరు అనుమానం. పేరు తెలియదు." నాన్న ఊరికి వెళ్ళిపోయారు. ఫోన్ చేసినప్పుడల్లా నా ఆరోగ్యం కన్నా ముందు సీసా సంగతి అడిగేవారు.

ఆగస్టులో ఒకరోజు పురుగులు కనిపించడం మానేశాయి. పాప బెంగపెట్టుకుంది. సీసా గోడకు ఆనుకుని రేగుపండంత మట్టి ఉండలు రెండు కనిపించాయి. పురుగు ఎరువునూ తన పెంటనూ కలిపి, మెదిపి, చుట్టూ గోడ కట్టుకుంటుంది. ఆ గదిలోనే ప్యూపాగా మారుతుంది. విప్పి చూద్దామని నేనన్నాను. వద్దంది. చూడకుండా చంపినవాణ్ణి కాబట్టి ఇప్పుడు చూడాలన్న తొందర నాకే ఎక్కువ. మూడో పురుగు ఏమైందో మాకు దొరకలేదు.

సెప్టెంబరులో యూనిట్ టెస్టు రోజు పొద్దున, వ్యాను హారన్ కొడుతుండగా, ఒక ఉండకు చిల్లు పడింది. పాపను వ్యానెక్కించడానికి నేను పడ్డ పాట్లు వేరే రాయాలి. సాయంత్రానికి సీసాలో ఇటుకరంగు ఎరుపు మీద నల్లమచ్చలు, తెల్లచుక్కలు ఉన్న పురుగు తిరుగుతోంది. సెంటీమీటరున్నర కూడా ఉండదు. పుస్తకాల్లో బొమ్మలతో, ఫొటోలతో పోల్చాం. సైన్స్ టీచర్ గారు కూడా చూసి, మన తోటల్లో బాగా కనిపించే రకమేనన్నారు.

దాని పేరు గామెటిస్ వెర్సికలర్. వెర్సికలర్ అంటే లాటిన్‌లో రంగులు మారేది. అందుకు తగ్గట్టే ఒకదానికీ మరోదానికీ మచ్చలు సరిగ్గా కలవవు. ఆ సొంత పేరు పెట్టింది ఫాబ్రిషియస్సే, ఆ 1775 పుస్తకంలోనే. అప్పుడు దాని ఇంటిపేరు సెటోనియా. 1910లో లండన్‌లో అచ్చయిన భారతదేశపు పూలపురుగుల పుస్తకంలో ఆరో అనే ఆయన దీన్ని ఆక్సిసెటోనియా అనే కొత్త ఇంట్లోకి పంపాడు. మన వ్యవసాయ పుస్తకాలు చాలావాటిలో ఇప్పటికీ ఆ పేరే కనిపిస్తుంది. తర్వాత తేలిందేమిటంటే, ఆ గుంపుకే 1842లో బర్మైస్టర్ అనే జర్మన్ శాస్త్రవేత్త గామెటిస్ అని పేరు పెట్టి ఉన్నాడు. రెండు పేర్లుంటే ముందు పెట్టిన పేరే నిలవాలన్నది శాస్త్రవేత్తల కట్టుబాటు. అలా మూడో ఇంటిపేరు వచ్చింది. సొంత పేరు మాత్రం చెక్కుచెదరలేదు, దత్తత వెళ్ళిన పిల్లాడి పేరులాగ.

ఇంకో చిన్న ముచ్చట. పురుగు పూర్తి పేరు రాసినప్పుడు చివర ఫాబ్రిషియస్, 1775 అన్న మాటల్ని బ్రాకెట్లలో పెడతారు. పేరు పెట్టినాయన పెట్టిన ఇంట్లో ఈ పురుగు ఇప్పుడు లేదు, ఇల్లు మారింది అని దానర్థం. ఇల్లు మారకపోతే బ్రాకెట్లు ఉండవు. నేను ఇన్నాళ్ళూ అలాంటి బ్రాకెట్లను అచ్చుతప్పులనుకున్నాను.

ఈ పురుగుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఎగిరే తీరు. మామూలుగా పెంకుపురుగు ఎగరాలంటే పై పెంకులు రెండూ తలుపుల్లా తెరవాలి, లోపలి రెక్కలు చాపాలి. పూలపురుగు పెంకులు తెరవదు. పెంకు అంచున, భుజం కిందగా చిన్న నొక్కు ఉంటుంది. మూసిన పెంకుల కిందనుంచే రెక్కలు ఆ నొక్కులోంచి పక్కకు వస్తాయి. కోటు విప్పకుండా చేతులు మాత్రం బయటికి చాపినట్టు. పాప ఫోన్‌లో స్లోమోషన్‌లో తీసి చూపిస్తే నాలుగుసార్లు చూశాను. ఫోన్ విషయంలో నా ఉపన్యాసాలు ఆ వారం కాస్త తగ్గాయని మా ఆవిడ అంటుంది.

పాప దాన్ని మిద్దె మీదే వదిలేసింది. అది నేరుగా వెళ్ళి ఎక్కడ వాలిందనుకున్నారు? మా ఆవిడ రెండేళ్ళుగా పెంచుకుంటున్న గులాబీ మీద. జపాన్‌లో ఈ జాతి పురుగుల్ని హనముగురి అంటారు, పువ్వులో మునిగేది అని. సరిగ్గా అలాగే తల పువ్వులోకి దూర్చి, వెనక భాగం మాత్రం బయట పెట్టి, పుప్పొడి తిన్నంత తిని, రేకుల్నీ కొరికింది. మర్నాటికి పువ్వు చిరిగిపోయింది. మా ఆవిడ పాప వంక, పాప నా వంక చూశారు. పిల్లగా ఉన్నప్పుడు ఎరువు చేసిపెట్టే పురుగు, పెద్దయ్యాక గులాబీని, వంకాయ పూతను కొరుకుతుంది. పూత మీద పదుల సంఖ్యలో వాలితే రైతుకు నష్టమే. మంచిపురుగా చెడ్డపురుగా అని మా ఆవిడ అడిగితే పాప, "గామెటిస్ వెర్సికలర్" అంది. ఆ పొగరు నాకు నచ్చింది కానీ పైకి నవ్వలేదు. గులాబీ నాది కాదు కదా.

దసరా సెలవులకు ఊరికి వెళ్ళాం. బస్సు దిగి కాళ్ళు కడుక్కోకముందే నాన్న పాపను దొడ్లోకి తీసుకుపోయారు. నేను కాఫీ తాగి వెళ్ళేసరికి ఎరువుదిబ్బ ఒక పక్క తవ్వి ఉంది. చేనిగట్టు నుంచి తెచ్చిన మట్టి ఇంకో గంపలో ఉంది. మధ్యలో నేల మీద దినపత్రిక పరిచి, ఇద్దరూ గొంతుక్కూర్చున్నారు. నాన్న కళ్ళజోడు సర్దుకుని ఒక్కో పురుగునూ పేపరు మీద పెట్టడం, అది ఎలా పోతుందో చూడటం, రెండు డబ్బాల్లో ఏదో ఒకదాంట్లో వేయడం.

"ఇది ఎల్లకిల పాయె. నీది," అంటున్నారు. "ఇదో, కాళ్ళ మీద పోతాంది. ఇది నాది. నీవి దిబ్బలోకే ఏసెయ్ పాపా. నావి కోళ్ళకు ఏస్తా."